వియన్నా ఎప్పుడు వెళ్ళాలి: మే నెలాఖరా, దసరా సెలవులా, డిసెంబరా? (పెద్దవాళ్ళతో, పిల్లలతో)

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఉండేది హైదరాబాద్. వచ్చే ఏడాది వియన్నా వెళ్దామనుకుంటున్నాం, మొత్తం ఆరుగురం: నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు (11, 7), అమ్మ, నాన్న. ఎనిమిది రోజుల్లో ఐదు దేశాలు తిప్పే ప్యాకేజీ వద్దనుకున్నాం, ఎందుకంటే నాన్నకి 68, మోకాళ్ళ నొప్పులు, రోజుకో హోటల్, రోజుకో బస్సు అంటే మూడో రోజుకే కూర్చుండిపోతారు. అందుకే ఒకటే ఊరు, పది రోజులు, మెల్లగా. వియన్నా ఎందుకంటే మా పెద్దది కీబోర్డ్ నేర్చుకుంటోంది, మొజార్ట్ ఉన్న ఇల్లు చూపించమని ప్రాణం తీస్తోంది.

సమస్య ఎప్పుడు వెళ్ళాలన్నదే. పిల్లల సెలవులని బట్టి మూడే ఛాన్సులు: మే నుంచి జూన్ మొదటి వారం దాకా, దసరా, లేదంటే డిసెంబర్ చివర్లో ఎలాగోలా లీవు పెట్టించి. నాన్నకి చలిగాలి తగిలితే పిల్లికూతలు మొదలు, ఇన్‌హేలర్ ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. ఆయన మేలో వెళ్దామంటారు. అమ్మకేమో ఒకటే కోరిక, మంచు చూడాలి, చేత్తో పట్టుకోవాలి, ఇన్నేళ్ళు సినిమా పాటల్లో చూసింది చాలు అంటుంది, కాబట్టి ఆవిడ డిసెంబర్ పార్టీ. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

నెట్‌లో చూస్తే మేలో పగలు 20, 21, రాత్రి 11 అని, డిసెంబర్‌లో పగలు 4, రాత్రి సున్నా దగ్గర అని, జూలైలో 27, 28 అని ఉంది. 20 అంటే మన అరకులో చలికాలం పగటిపూట లాంటిదే కదా, దానికి స్వెట్టర్ కూడా అక్కర్లేదేమో అనిపిస్తోంది. నిజంగా అంతేనా? అక్కడ ఉన్నవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.


వియన్నాలో_వంకాయకూర:

నేనిక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ముందు ఆ యావరేజ్ నంబర్లు పక్కన పెట్టేయండి, అవి తప్పు కాదు గానీ వాటితో సూట్‌కేసు సర్దుకుంటే మాత్రం మోసపోతారు. మేలో 20 అంటే ఒక రోజు 27, ఇంకో రోజు 13, రెండూ కలిపి 20 అన్నమాట. మొన్నామధ్య మే నెలలో సోమవారం అందరూ పార్కులో చొక్కాలు విప్పి పడుకున్నారు, గురువారానికి మళ్ళీ కోట్లు బయటికొచ్చాయి.

ఇంకోటి, ఈ ఊరికి గాలి ఎక్కువ. ఆల్ప్స్ కొండలు ఇక్కడ అయిపోతాయి, అటు పక్క కార్పాతియన్ కొండలు మొదలవుతాయి, ఆ సందులో ఉంది వియన్నా, పడమటి గాలి వచ్చిందంటే డాన్యూబ్ నది వంతెన మీద నిలబడలేం. డిసెంబర్‌లో 3 డిగ్రీలు అని ఫోన్‌లో చూసి పర్లేదనుకుంటారు, ఆ గాలికి అది మైనస్ ఐదులా తగులుతుంది. మీ నాన్నగారి సంగతి మీరు రాశారు కాబట్టి ముందు ఇది చెప్తున్నా.

ఇంక టెంపరేచర్ కన్నా పెద్ద విషయం వెలుగు, దీని గురించి ఎవరూ ఆలోచించరు. డిసెంబర్ మూడో వారంలో ఇక్కడ పొద్దున పావుతక్కువ ఎనిమిదికి తెల్లారుతుంది, సాయంత్రం నాలుగింటికి సూర్యుడు వెళ్ళిపోతాడు. జెట్ లాగ్, పెద్దవాళ్ళ స్నానాలు, టిఫిన్లు, పిల్లల బూట్లు, ఆరుగురూ గడప దాటేసరికి పదకొండు కాదూ? మీకు మిగిలేది ఐదు గంటలు, అందులో సగం మబ్బు. అదే మే చివర్లో అయితే ఐదింటికే తెల్లారిపోతుంది, రాత్రి ఎనిమిదిన్నర దాటాక గానీ చీకటి పడదు, నాన్నగారు మధ్యాహ్నం రూమ్‌కొచ్చి రెండు గంటలు పడుకుని లేచినా ఇంకా బోలెడు పగలు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో వచ్చినప్పుడు ఈ మధ్యాహ్నం కునుకే ట్రిప్పుని కాపాడుతుంది, మా అత్తయ్యగారితో రెండు సార్లు తిరిగి నేర్చుకున్న పాఠం ఇది.

మేలో కూడా నెల మొదట్లో రాకండి. ఇక్కడ రైతులకీ మనలాగే కార్తెల లెక్క ఉంది, మే 12 నుంచి 15 దాకా వచ్చే సెయింట్ల రోజుల్ని ఐస్‌హైలిగె అంటారు, మంచు మునులు అనుకోండి, చివరి రోజు పేరు చల్లని సోఫీ. ఆ రోజులు దాటేదాకా టమాటా నారు బయట నాటరు, మా పక్కింటి ముసలావిడ అయితే బాల్కనీలో తొట్టెలు కూడా పెట్టనివ్వదు. ప్రతి ఏడూ ఆ తేదీలకే చలి వస్తుందని కాదు గానీ మే మధ్య దాకా ఒక చలి విసురు తగిలే అవకాశం మాత్రం ఉంటుంది. కాబట్టి 24, 25న దిగేలా చూసుకోండి. మన దగ్గర సరిగ్గా రోహిణి కార్తె మొదలయ్యే టైమ్, రోళ్ళు పగిలే ఎండ, ఇక్కడేమో ఫోక్స్‌గార్టెన్ అనే పార్కులో గులాబీలు విచ్చుకునే టైమ్. జూన్ 12కి మీ దగ్గర బడులు తెరుస్తారు కదా, పిల్లలకి ఒక్క రోజు కూడా పోదు.

వాన ఉంటుంది, అది దాచను. మే, జూన్ ఇక్కడ వానలు బాగా పడే నెలలే. అయితే చాలాసార్లు మధ్యాహ్నం మూడు నాలుగింటికి ఉరుములతో వచ్చి, గంటలో వెలిసిపోతుంది. గొడుగు కన్నా టోపీ ఉన్న పల్చటి రెయిన్ జాకెట్ తెచ్చుకోండి, ఈ గాలికి గొడుగు తిరగబడుతుంది.


కరీంనగర్_పోరడు:

అన్నా, మీ లిస్టుల జూలై లేదు, మంచిగైంది, అయినా చెప్తున్న, ఎవరన్న వేరేటోళ్ళు చదివి జూలై అనుకుంటే పనికొస్తది. మేము రెండేండ్ల కింద జూలై రెండో వారంల పోయినం, యూరప్ గదా సల్లగుంటదని అత్తమ్మకు శాలువలు సుత సర్దినం. దిగినంక చూస్తే 35. సరే మనకు 35 ఒక లెక్కనా అనుకున్నం, కానీ మనింట్ల ఫ్యాన్ ఉంటది, కూలర్ ఉంటది. అక్కడ మేము తీసుకున్న అపార్ట్‌మెంట్ల ఏసీ లేదు, సీలింగ్ ఫ్యాన్ అనేదే లేదు, పాత బిల్డింగ్, మందపాటి గోడలు, పగలంత వేడి గుంజుకుని రాత్రంత వదులుతది. మూడో అంతస్తు. అత్తమ్మ కిటికీ కాడ కుర్చీ ఏసుకుని కూసుని "గీ మాత్రం ఎండకు కరీంనగర్ల ఉంటే అయిపోవు గదరా, లక్షలు పెట్టి ఇక్కడిదాక తీసుకొస్తివి" అన్నది. నా దగ్గర జవాబు లేకుండె.

ఇంకో దెబ్బ ఏందంటే ఆ పెద్ద ఒపెరా హౌజ్ జూలై, ఆగస్టుల బందు ఉంటది. సెప్టెంబర్ నుంచి జూన్ దాకనే వాళ్ళ సీజన్. నాకు తెల్వదు, బయటి నుంచి ఫోటో దిగి వచ్చినం. మీ పాపకు సంగీతం అంటే ఇష్టం అన్నరు గదా, అందుకే చెప్తున్న.

మంచిగ అనిపించింది కూడ చెప్పాలె. రాత్రి పూట సిటీ హాల్ ముంగట పెద్ద స్క్రీన్ పెట్టి కచేరీలు ఫ్రీగ చూపిస్తరు, చుట్టూ తిండి స్టాళ్ళు, పిల్లలు మస్తు ఎంజాయ్ చేసిన్రు. డాన్యూబ్ నది పాత పాయ ఒకటి ఉంటది, ఆల్టె డోనావ్ అంటరు, నీళ్ళు కదలకుండ చెరువు లెక్కనే ఉంటది, ఊరంత అండ్లనే ఈత కొడ్తున్నరు. కుళాయి నీళ్ళు సల్లగ ఫ్రిజ్‌ల పెట్టినట్టే వస్తయి, బాటిల్ కొనే పని లేదు. గవే కాపాడినయి మమ్మల్ని.

మే ఆఖరుకైనా రూమ్ బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా అని అడగుండ్రి, "ఉండొచ్చు" అంటే లేదనే అర్థం.


చలికాలం_చిన్నది:

అందరూ డిసెంబర్‌ని తిడుతున్నారు కాబట్టి నేను దాని తరఫున మాట్లాడతా. మేం డిసెంబర్ 14 నుంచి 22 దాకా వెళ్ళాం, నేనూ మావారూ, పాప (9). ఆ క్రిస్మస్ సంతలు ఉన్నాయి చూశారూ, నవంబర్ మధ్యలో మొదలై చాలావరకు డిసెంబర్ 26 దాకా ఉంటాయి, సిటీ హాల్ ముందుదే పెద్దది కానీ మాకు ష్యోన్‌బ్రున్ ప్యాలెస్ ముందు ఉన్నది ఎక్కువ నచ్చింది, తోపులాట తక్కువ. నాలుగింటికే చీకటి పడిపోతుంది అన్నారు కదా పైన, నిజమే, కానీ ఆ చీకట్లోనే కదండీ ఆ దీపాలు బాగుండేది! పిల్లలకి మందు లేని పంచ్ వేడివేడిగా కప్పులో పోసి ఇస్తారు, కప్పుకి డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగిస్తే డబ్బులు వెనక్కి. మా పాప తిరిగివ్వనంది, ఇప్పటికీ దాంట్లోనే హార్లిక్స్ తాగుతుంది.

కానీ మీ అమ్మగారి కోరిక విషయంలో నిజం చెప్పాలి. మంచు కోసం వెళ్ళి వాన చూసొచ్చాం మేము. తొమ్మిది రోజుల్లో వియన్నాలో ఒక్క రేకు పడలేదు. సన్నగా, బూడిద రంగు వాన. తర్వాత అక్కడివాళ్ళు చెప్పారు, ఊళ్ళో తెల్ల క్రిస్మస్ రావడం ఈ మధ్య అరుదేనని. చివరికి ఒకరోజు రైలెక్కి సెమరింగ్ వెళ్ళి అక్కడ కొండమీద మంచు చూశాం, ఆ రైలు దారి 1854 నాటిది, ఆ వంతెనలు చూడ్డానికైనా వెళ్ళాలి.

ఇంకో ఇబ్బంది, పెద్దవాళ్ళతో ఇది బాగా తెలుస్తుంది: బయట 2 డిగ్రీలు, ట్రామ్‌లో, మ్యూజియంలో, షాపులో హీటర్ పెట్టి 22, 23. ఎక్కిన ప్రతిసారీ కోటు, టోపీ, మఫ్లర్, గ్లోవ్స్ విప్పు, దిగితే మళ్ళీ తొడుగు. రోజుకి ఇరవై సార్లు. పిల్లికూతలున్న మనిషికి ఆ వేడి, చలి, వేడి, చలి మార్పు మంచిది కాదేమో, డాక్టర్ని అడగండి. ఆ సంతల సీజన్‌లో హోటల్ రేట్లు కూడా బాగా ఎక్కువ. జనవరి రెండో వారం నుంచి దిగిపోతాయిట, కానీ అప్పుడు సంతలూ ఉండవు, ఫౌంటెన్లు ఆపేస్తారు, గులాబీ మొక్కలకి గోనె సంచులు కట్టేసి ఉంటాయి. మీ నాన్నగారు లేకపోతే డిసెంబరే అనేదాన్ని.


పుప్పొడి_బాధితుడు:

వియన్నాలో మాస్టర్స్ చేస్తున్నా, రెండో ఏడు. మే చివర బెస్ట్ అని అందరూ అంటున్నారు గానీ ఒక విషయం ఎవరూ చెప్పలేదు, పుప్పొడి. ఏప్రిల్‌లో బర్చ్ చెట్లది, మే మధ్య నుంచి జూన్ దాకా గడ్డిది. నాకు గుంటూరులో ఉన్నన్నాళ్ళూ ఏమీ లేదు, ఇక్కడికొచ్చాక మొదటి మేలో కళ్ళు ఎర్రగా అయిపోయి, ముక్కు కారి, రాత్రిళ్ళు దగ్గు, జలుబనుకుని వారం రోజులు మిరియాల పాలు తాగా. తర్వాత టెస్ట్ చేయిస్తే గడ్డి అలర్జీ అన్నారు. ఇక్కడ వెదర్ రిపోర్టుతో పాటు పుప్పొడి రిపోర్టు కూడా ఇస్తారు, అంత మామూలు విషయం.

భయపెట్టడానికి కాదు, ఆస్తమా ఉన్నవాళ్ళకి చలి లేదు కదా అని మే సేఫ్ అనేస్తే ఎలా అని. వానపడ్డ తర్వాత కొంచెం హాయిగా ఉంటుంది, ఎండగా ఉండి గాలి వీచే రోజులే కష్టం. ఇన్‌హేలర్లు ఒకటికి రెండు తెచ్చుకోండి, ఒకటి హ్యాండ్ బ్యాగ్‌లో, ప్రిస్క్రిప్షన్ ఇంగ్లీషులో టైప్ చేయించి తెచ్చుకోండి, ఇక్కడ చీటీ లేకుండా ఫార్మసీలో అవి ఇవ్వరు.

నన్నడిగితే దసరానే. ద్రాక్ష కోతల టైమ్, ఊరి చివర కొండల మీద తోటలన్నీ పసుపు రంగుకి తిరుగుతాయి, అక్టోబర్ మొదటి శనివారం రాత్రి మ్యూజియంలన్నీ ఒకే టికెట్ మీద అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచుతారు.


గోదారిగట్టు:

వామ్మో, ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. నాన్నకి ఇదంతా చదివి వినిపించా, కరీంనగర్ అత్తమ్మగారి డైలాగ్‌కి ఒకటే నవ్వు. కానీ పుప్పొడి మాట విన్నాక మళ్ళీ మొదటికొచ్చింది. దసరా అంటే ఇంట్లో అందరికీ ఓకేనే, మరి అప్పుడు వెదర్ నమ్మొచ్చా? అమ్మ మంచు సంగతేంటి, మేలోనూ లేదు, దసరాకీ లేదు, డిసెంబర్‌లో కూడా ఊళ్ళో గ్యారెంటీ లేదంటున్నారు.


వియన్నాలో_వంకాయకూర:

పుప్పొడి తమ్ముడు చెప్పింది కరెక్టే, నాకు ఆ బాధ లేదు కాబట్టి తట్టలేదు, తప్పు నాదే. అయితే ముందు ఒక్క ప్రశ్న. మీ నాన్నగారికి ఇంటి దగ్గర ఎప్పుడు ఎక్కువవుతుంది? ధనుర్మాసం చలికా, లేక వరి కోతలు, నూర్పిళ్ళప్పుడు ఆ ధూళికా? కోతలప్పుడు ఆయన చేలో తిరిగినా ఏమీ కాకపోతే గడ్డి పుప్పొడికి కూడా పెద్దగా ఇబ్బంది పడకపోవచ్చు, అలాగని గ్యారెంటీ లేదు, పైన తమ్ముడికి గుంటూరులో ఏమీ లేదు కదా. డాక్టర్‌కి ఈ రెండు ముక్కలూ చెప్పి అడగండి, పది రోజులకి ముందుజాగ్రత్తగా వాడే మందులేమైనా ఉంటే ఆయనే రాస్తారు.

దసరా గురించి. మన దసరా ఒక్కో ఏడు సెప్టెంబర్ చివర్లో, ఒక్కో ఏడు అక్టోబర్ మూడో వారంలో వస్తుంది, అదే ఇక్కడ పెద్ద తేడా. సెప్టెంబర్ చివరైతే పగలు 20 దాకా ఉంటుంది, అక్టోబర్ ఇరవైకి 14, 15, పొద్దున్నే 6, 7. అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఇంక ఆ తర్వాత ఐదు కాకుండానే చీకటి, నవంబరంతా పైన బూడిద దుప్పటి కప్పినట్టే. పుప్పొడి పూర్తిగా ఉండదనీ కాదు, ఈ తూర్పు వైపు ఆగస్టు, సెప్టెంబర్‌లో రాగ్‌వీడ్ అని ఒక కలుపు మొక్క ఉంది, అదీ అలాంటిదే. ఇంక 2024 సెప్టెంబర్ మధ్యలో తుఫాను వచ్చి ఊళ్ళో పారే చిన్న వాగు, వియన్ నది అంటారు, అది ఉప్పొంగి మెట్రో లైన్లు కొన్ని ఆపేశారు. మామూలుగా సెప్టెంబర్ ఇక్కడ బంగారం లాంటి నెల. అప్పుడు కూడా అలా జరిగింది.

అదే 2024 వేసవిలో ఊరి నడిబొడ్డున 30 డిగ్రీలు దాటిన రోజులు 50కి పైనే. పాత పుస్తకాల్లో చదివిన వియన్నా వెదర్ వేరు, ఇప్పటిది వేరు, జూలైలో వద్దని పైన కరీంనగర్ ఆయన అన్నది అందుకే నేనూ గట్టిగా అంటా.

ఇప్పుడు అమ్మగారి మంచు. ఇక్కడి నుంచి గంటన్నర దూరంలో ష్నీబెర్గ్ అని కొండ ఉంది, పేరుకి అర్థమే మంచుకొండ, 2076 మీటర్లు. వీనర్ నాయ్‌స్టాట్‌లో రైలు మారి పుఖ్‌బెర్గ్ అనే ఊరు వెళ్ళాలి, అక్కడి నుంచి పళ్ళచక్రాల రైలు సుమారు 1800 మీటర్ల దాకా తీసుకెళ్తుంది, ఊటీ కంటే తక్కువ ఎత్తే కాబట్టి ఊపిరి గురించి బెంగ అక్కర్లేదు, చలిగాలి గురించే. రైలు పెట్టెలకి పచ్చ మీద పసుపు చుక్కల రంగు వేశారు, అక్కడి సాలమాండర్ అనే, బల్లిలా కనిపించే జీవిలాగా, మీ చిన్నవాడు వదలడు. ఏప్రిల్ చివర నుంచి శరదృతువు దాకానే నడుస్తుంది. మే చివర్లో పైన గడ్డి వచ్చేసి ఉంటుంది గానీ నీడ పడే పల్లాల్లో, గుంటల్లో చలికాలపు మంచు ఇంకా కరగకుండా మిగిలి ఉండటం నేను మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ చూశా. సినిమా పాటలో లాగా కనుచూపు మేరా తెల్లగా ఉండదు, పిల్లలు రెండు ముద్దలు చేసి విసురుకునేంత. దసరాకి వెళ్తే అది కూడా ఉండదు, లేదా అప్పుడే కొత్తగా పడి ఉండొచ్చు, లాటరీ. నాన్నగారు నడవలేకపోతే పై స్టేషన్ పక్కనే చిన్న చర్చి ఉంది, పాత ఆస్ట్రియా మహారాణి సిసి జ్ఞాపకంగా కట్టింది, అక్కడ కూర్చోవచ్చు.

మీరు వియన్నాలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు ఆ చుట్టుపక్కల కొండల ఊటే, 1873 నుంచి పైపుల్లో వస్తున్నాయి. కరీంనగర్ ఆయన తాగిన చల్లటి నీళ్ళు అవే!

ఇంకో రెండు మాటలు. మే చివర, జూన్ మొదట్లో చర్చి పండగల సెలవులు వరసగా ఉంటాయి, ఆ రోజుల్లో, ఆదివారాల్లో సూపర్ మార్కెట్లు మూత, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరుస్తారు, పాలూ కూరలూ ముందు రోజే తెచ్చుకోండి. మీ అమ్మాయికి: ఒపెరా హౌస్ బయట గోడకి స్క్రీన్ పెట్టి లోపల జరిగే షో మే, జూన్‌లో చాలా రోజులు ఫ్రీగా లైవ్ చూపిస్తారు, కుర్చీలు వేస్తారు, నచ్చకపోతే లేచి ఐస్‌క్రీమ్‌కి పోవచ్చు, ఏడేళ్ళ పిల్లాడితో లోపల మూడు గంటలు కూర్చోవడం కన్నా అదే నయం.


గోదారిగట్టు:

నాన్నని అడిగా. కోతలప్పుడు, నూర్పిళ్ళప్పుడు ఏనాడూ ఏమీ కాలేదట, సంక్రాంతి ముందు పొగమంచుకి, భోగి మంట పొగకీ మాత్రమే వస్తుందట. శనివారం డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్ళా, ఆయన కూడా చలి కన్నా మే నయమే అని, పుప్పొడి కోసం ఒక మాత్ర రాసి, రెండు ఇన్‌హేలర్లు పెట్టుకోమన్నారు. సో మే 24 నుంచి జూన్ 3 ఫిక్స్. వీసా ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చంట కదా, ఏప్రిల్‌లో స్లాట్లు దొరకవని భయంతో జనవరిలోనే వేసేస్తున్నాం. పెద్దవాళ్ళకి తలా 90 యూరోలు, పిల్లలకి సగం, ఆ లెక్క చూసి మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

అమ్మకి చెప్పా, కొండమీద గుంటల్లో మిగిలిన మంచే ఉంటుంది, కాస్త మురికిగా కూడా ఉండొచ్చు అని. "మురికిదైతే కడుక్కుంటాలే, ముందు తీసుకెళ్ళు" అంది.


కరీంనగర్_పోరడు:

అమ్మ సూపర్ 😂 ఏసీ అడిగినవా అన్నా?


గోదారిగట్టు:

అడిగా. "ఉండొచ్చు" అన్నారు. వేరే రూమ్ చూస్తున్నా.


వియన్నాలో_వంకాయకూర:

కొండ రైలుకి శని, ఆదివారాలు వద్దు, ఊరంతా అక్కడే ఉంటుంది. మామూలు రోజు పొద్దున టికెట్ ముందే నెట్‌లో తీసుకోండి, కానీ రెండు రోజుల ముందు పైన వెదర్ కెమెరా చూసి అప్పుడు బుక్ చేయండి, మబ్బు పట్టిందంటే పైన పక్క మనిషి కూడా కనపడడు. అమ్మగారికి గ్లోవ్స్ మర్చిపోకండి, చేత్తో పట్టుకుంటానంటున్నారు కదా. నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే వదిలి రండి, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి ఇక్కడికి తేనివ్వరు, ఆవకాయకి అడ్డం లేదు.